సమస్య: కుర్చి లేని వాడె కూరుచుండె

పృచ్ఛకుడు: ఈసారి ఇచ్చింది ఆటవెలది చివరి పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. సీటు, ఆసనం, పీట, పదవి... కూర్చోవడంలో ఏ అర్థం పట్టుకున్నా సరే. నేలమీద కూర్చున్నాడని మాత్రం తేల్చేయకండి, అది అందరికీ తోచేదే.

వేపచెట్టు: షరతు చదివాకే మీరుతున్నాను!

ఆ.వె.
గురువు చెంత జేరి కూర్చుండి వినుటయే
ఉపనిషత్తు మాట కున్న యర్థ
మనుచు దెలిసి నేల మట్టిపై వినయాన
కుర్చి లేని వాడె కూరుచుండె

పృచ్ఛకుడు: సమస్యను విప్పలేదు, పక్కనుంచి దాటేశారు. అయితే ఉప, ని, సద్ (దగ్గరగా, కింద, కూర్చోవడం) అనే వ్యుత్పత్తి పద్యంలో భలే ఇమిడింది. సదస్సు, పరిషత్తు కూడా ఆ 'సద్' ధాతువు పిల్లలే. 'నేల' ఉండగా 'మట్టి' ఎందుకు? యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదిరే అక్షరం) కోసమని తెలిసిపోతోంది.

వెన్నెలపిట్ట: కొత్తదాన్ని, తప్పులుంటే చెప్పండి.

సీట్లు నూరు గలవు హాలులో మొత్తమ్ము
వచ్చి నూట యొకరు వరుస గట్ట
మెట్ల మీద జేరి మెల్లగా దర్జాగ
కుర్చి లేని వాడె కూరుచుండె

వేపచెట్టు: మొదటి పాదంలో 'సీ'కి 'హా' యతి కుదరదమ్మా. 'ఆసనములు నూరు హాలులో మొత్తమ్ము' అనండి, గణాలూ యతీ రెండూ సరి.

గళ్ళచొక్కా: యతి సంగతి సరే, మెట్లు దారి కదండీ! పొగ వస్తే జనం ఎటు పోవాలి? సీటింగ్ లెక్కలో కుర్చీలతో పాటు నడిచే దారి కూడా ఉంటుంది. నాది చూడండి.

ఆ.వె.
పాట యాగినంత పరుగెత్తి రందరు
కొరత పడియె నొక్క కుర్చి యచట
ఆట నుండి తొలగి యంచునన్ హాయిగా
కుర్చి లేని వాడె కూరుచుండె

పృచ్ఛకుడు: ఇదీ పూరణ! కుర్చీలాటలో మనుషులకంటే కుర్చీలు ఒకటి తక్కువ. కుర్చీ దొరికినవాళ్ళు మళ్ళీ లేచి తిరగాలి, దొరకనివాడు కూర్చుంటాడు. పై రెండిట్లో 'వాడె' తీసి 'వాడు' పెట్టినా తేడా లేదు. ఇక్కడ ఆ 'ఎ' తీస్తే పద్యమే పోతుంది.

వేపచెట్టు: రోషమొచ్చింది. ఇంకోటి.

ఆ.వె.
పదవి యున్న నాళ్ళు పరుగులే పరుగులు
కుదురు లేదు నిదుర కూడ లేదు
ఓడి యింటి కేగి యొకసారి నెమ్మదిన్
కుర్చి లేని వాడె కూరుచుండె

పృచ్ఛకుడు: కుర్చీ అంటే పదవి అని చెప్పకుండానే చెప్పారు. ఇందాకటి బాకీ తీరింది.

రెంచీ: నాకు పద్యం రాదు, ఒక మాట. మా పనిలో సీటింగ్ అంటే వాల్వు తన గాడిలో సందు లేకుండా కూర్చోవడం. ఆ సీటు అరిగితే కుళాయి ఎంత బిగించినా చుక్క చుక్క కారుతూనే ఉంటుంది. కుర్చీ లేకుండా కూర్చునేది అదే కదా?

పృచ్ఛకుడు: అదే. కానీ వాల్వును 'వాడె' అనడం ఎలాగండీ?