పొద్దున్న నడుస్తున్నా, మిగతా రోజంతా కుర్చీలోనే. బరువు తగ్గేదెలా?

కూకట్‌పల్లి నుంచి ప్రశ్న:
నమస్కారం అండి. నాకు 41 ఏళ్లు, బరువు 70 కిలోలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎక్కువగా ఇంటినుంచే పని. పొద్దున్నే కాలనీ పార్కులో ముప్పావుగంట నడుస్తాను, ఎండైనా వానైనా మానను. తొమ్మిదిన్నరకి లాప్‌టాప్ ముందు కూర్చుంటే మీటింగుల మీద మీటింగులు, రాత్రి ఎనిమిదైనా లేవడం కుదరదు. అంట్లకీ బట్టలకీ మనిషి వస్తుంది. ఉండేది మూడో అంతస్తు, లిఫ్ట్ ఉంది. ఎన్నో నెలలుగా బరువులో మార్పు లేదు. షుగర్ వచ్చేలా ఉందని డాక్టర్ గారు చెప్పినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. జిమ్‌కి టైమ్ లేదు. ఇంట్లో ఉంటూనే కేలరీలు ఖర్చయ్యే దారి చెప్తారా? నిలబడి పనిచేసే టేబుల్ కొనమంటున్నారు, కొనొచ్చా?

విజయవాడ ఫిజియోథెరపిస్ట్:
మేడమ్, వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా కదలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మీ నడక అది ఎప్పుడో దాటేసింది. చూసుకోవాల్సింది మిగతా రోజు సంగతి.

వ్యాయామం కాకుండా లేవడం, వంగడం, ఇంట్లో అటూ ఇటూ తిరగడం, వీటికి అయ్యే ఖర్చు తక్కువేం కాదు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో జేమ్స్ లెవిన్ బృందం 16 మందికి ఎనిమిది వారాలపాటు రోజూ వెయ్యి కేలరీలు అదనంగా తినిపించింది. ఒకరికి అరకిలో కొవ్వు కూడా చేరలేదు, మరొకరికి నాలుగు కిలోలు దాటింది. తేడా ఎక్కువగా ఈ చిల్లర కదలికల్లోనే అని 1999లో ప్రచురించారు. నాకు ఈ ప్రయోగం అంటే ప్రాణం, నా దగ్గరికొచ్చే ప్రతివాళ్లకీ చెప్తాను.

టేబుల్ మీద డబ్బు పెట్టకండి. కూర్చోవడం కంటే నిలబడటానికి గంటకు పది కేలరీలు కూడా ఎక్కువ ఖర్చు కావు. అదే మీ బరువుకి ఒక కిలోమీటరు నడిస్తే దాదాపు 50. అందుకని కెమెరా అక్కర్లేని మీటింగులన్నీ హాల్లో నడుస్తూ వినండి. ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టగానే లేవడం అలవాటు చేసుకోండి, మెల్లగా నడిచినా చాలు. నీళ్ల బాటిల్ టేబుల్ మీద పెట్టుకోకండి. చిన్న గ్లాసు వాడితే నీళ్లకోసమైనా వంటింటికి వెళ్తారు.

ఇక షుగర్ గురించి. మధ్యాహ్నం, రాత్రి భోజనం అవ్వగానే పది పదిహేను నిమిషాలు నడవండి. తిన్నాక రక్తంలో పెరిగే గ్లూకోజ్‌ని కండరాలు అప్పుడే వాడుకుంటాయి. మీకు అన్నిటికంటే ముఖ్యం ఇదే అని నా అభిప్రాయం.

నల్గొండ నుంచి:
అక్కా, పనిమనిషిని మాన్పించక్కర్లేదు గానీ రెండు పనులు నీకోసం ఉంచుకో. నేను బట్టలు డాబా మీద నేనే ఆరేస్తాను. బకెట్ పట్టుకుని మెట్లెక్కడం, ఒక్కో బట్టకీ వంగి లేవడం, దులిపి చేతులు పైకెత్తి తీగ మీద వేయడం, అయ్యేసరికి నడుముకి చెమట పడుతుంది. రోజుకో గది నేలమీద కూర్చుని తడిగుడ్డతో తుడుస్తాను. మోకాళ్లు బాగుంటేనే సుమా. లిఫ్ట్ కూడా మానేయొచ్చు కదా అక్కా?

విజయవాడ ఫిజియోథెరపిస్ట్:
మంచి మాట చెప్పారమ్మా. ఎక్కేటప్పుడు తప్పకుండా మెట్లే. ఒక్కో అంతస్తుకి ఖర్చయ్యేది రెండు కేలరీలే అయినా తొడ కండరాలకీ గుండెకీ అది గట్టి పని. మోకాళ్ల నొప్పులుంటే దిగడానికి లిఫ్ట్ వాడండి, భారం దిగేటప్పుడే ఎక్కువ పడుతుంది. వారంలో రెండు రోజులైనా కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పది పదిసార్లు చేయండి.

కూకట్‌పల్లి నుంచి:
ఇద్దరికీ చాలా థాంక్స్. ఇవాళ మధ్యాహ్నం మీటింగ్ నడుస్తూనే విన్నాను, ఎవరికీ తెలియలేదు. ఒక్క సందేహం. నా వాచ్ పొద్దున్న నడకకే 400 కేలరీలు చూపిస్తోంది. నిజమేనా?

విజయవాడ ఫిజియోథెరపిస్ట్:
ముప్పావుగంటలో నాలుగు కిలోమీటర్లు నడిచినా 200 దగ్గరే ఉంటుంది. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు రకాల వాచీలు పరీక్షిస్తే, అన్నిటికంటే మెరుగైనదాంట్లోనూ కేలరీల లెక్క సగటున 27 శాతం తప్పింది. ఆ అంకె చూసి సమోసా తినకండి, పెద్దదైతే ఒక్కదాంట్లోనే మీ నడక మొత్తం పోతుంది. అడుగుల లెక్క మాత్రం చూసుకోండి. ఇప్పుడు రోజుకి ఎన్ని పడుతున్నాయో ఇక్కడ రాయండి, ఎంత పెంచాలో అప్పుడు చెప్తాను.