సమస్యాపూరణం: నీరు చల్లబడిన నిప్పు రగిలె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇది.

నీరు చల్లబడిన నిప్పు రగిలె.

ఆటవెలది నాలుగో పాదం. నీరు, చల్ల, బడిన, నిప్పు, రగిలె: అయిదూ సూర్యగణాలే. ‘నీ’కి ‘ని’తో యతి. నిబంధన ఒక్కటే. పద్యం గాజు తొట్టిలోని కోరీ చేపల గురించి ఉండాలి. దక్షిణ అమెరికా నదుల అడుగున ఇసుకను తవ్వుకుంటూ బతికే చిన్న మీసాల చేపలివి. వాటిలో పెప్పర్డ్ కోరీ అనే రకాన్ని బీగిల్ ఓడ యాత్రలో డార్విన్ సేకరించగా, 1842లో జెనిన్స్ అనే ప్రకృతి శాస్త్రవేత్త శాస్త్రీయంగా వర్ణించాడు. వీటిని పెంచుతున్నవారు మన సభ్యుల్లో చాలామందే ఉన్నారు కనుక ఈ సమస్య ఇస్తున్నాను. చేపకు అబద్ధం అంటగట్టవద్దు, ఛందస్సుకు లోటు చేయవద్దు.

మదనపల్లె సభ్యుడు:
వాన పడినదనుచు భావించె మీనము
కొత్త నీటి చలువ కోర్కె రేప;
మగువ వెంటఁ దిరిగె మగచేప వడివడి;
నీరు చల్లబడిన నిప్పు రగిలె.

నిర్వాహకుడు:
తొలి పూరణే సమస్య గుండెను పట్టుకుంది. వానాకాలంలో ఏటికి చల్లని కొత్త నీరు రావడమే ఈ చేపలకు సంతానోత్పత్తి పిలుపు. మనం తొట్టిలో కొంత నీరు తీసి చల్లని నీరు పోసినప్పుడు చేస్తున్నది ఆ వానకు అనుకరణే. ‘భావించె’ అనే మాటను మార్చవద్దు, పద్యానికి ప్రాణం అక్కడే ఉంది. వానా లేదు, ఏరూ లేదు, ఉన్నదల్లా చేప మనసులోని భావన.

భీమవరం సభ్యురాలు:
గురువుగారూ, పద్యం రాయడం నాకిది రెండోసారి. తప్పులుంటే చెప్పండి.

మంచుగడ్డ వేసి చల్లఁగా నీటిని
మూడు పాళ్ళ నొకటి ముంచి మార్చ
చెంగలించె జంట, చెలరేగె సరసము;
నీరు చల్లబడిన నిప్పు రగిలె.

నిర్వాహకుడు:
అమ్మా, మూడో పాదం నడక చక్కగా ఉంది. ‘చెంగలించె’ వంటి మాట ఈ రోజుల్లో ఎవరు వాడుతున్నారు! అయితే మొదటి పాదంలో ‘మం’కూ ‘చ’కూ యతి కుదరలేదు. అంతకన్నా పెద్ద దోషం మంచుగడ్డ. నేరుగా మంచు వేస్తే నీరు ఒక్కసారిగా, ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా చల్లబడి చేప బెదురుతుంది. తొట్టి నీటికన్నా 3, 4 డిగ్రీలు చల్లగా ఉన్న నీరు మెల్లగా పోస్తే చాలు. మూడో మాట, కోరీలు జంటగా కాపురం చేసేవి కావు. గుంపుగా ఉంటేనే కుదుటపడతాయి. గుడ్లు పెట్టించాలంటే ఒక ఆడచేపకు రెండు మగచేపల చొప్పున ఉంచుతారు. ‘జంట’కు బదులు ‘గుంపు’ వేయండి, గణం చెడదు.

భీమవరం సభ్యురాలు:
మా ఇంట్లో వేసవిలో తాగే నీళ్లు కుండలోనే ఉంటాయి. అది గుర్తొచ్చి సవరించాను.

మంచు వలదు, కుండ మంచినీళ్ళే చాలు;
మూడు పాళ్ళ నొకటి ముంచి మార్చ
చెంగలించె గుంపు, చెలరేగె సరసము;
నీరు చల్లబడిన నిప్పు రగిలె.

నిర్వాహకుడు:
ఈ కుండ కోసమే మీ మొదటి పద్యం తప్పిందేమో! మంచుకు మంచితో యతి పడింది, చేపకు మేలూ జరిగింది. మూత తీసిన కుండలో ఒక రాత్రి నిలిస్తే కుళాయి నీటిలోని క్లోరిన్ కూడా చాలావరకు పోతుంది.

హైదరాబాదు సభ్యుడు:
శృంగారం జోలికి వెళ్లకుండా పూరించాను.

చలి ముదిరిన రేయి సన్నని దీపమ్ము
తొట్టిలోన వెలిగెఁ దోడు వోలె;
వేడిమిచ్చు కడ్డి వేళకు మేల్కొనె;
నీరు చల్లబడిన నిప్పు రగిలె.

నిర్వాహకుడు:
భేష్. అందరూ నిప్పును కోరికగా మారుస్తుంటే మీరు దాన్ని నిజమైన వేడిగానే ఉంచారు. నీరు చల్లబడితే హీటర్ వెలుగుతుంది, సమస్యలోని వైరుధ్యం మాయమైంది. ‘తోడు వోలె’ దగ్గర ఒక్క క్షణం ఆగాను. నడిరాత్రి చీకటి గదిలో ఆ ఎర్రని చుక్క ఒక్కటే వెలగడం చూసినవారికి ఆ పోలిక ఎంత నిజమో తెలుస్తుంది. ఒక హెచ్చరిక: చల్లని నీరు పోసిన రోజున ఈ కడ్డి మేల్కొంటే మన వానంతా వృథా. ఆ పూటకు దాన్ని ఆపండి. పెప్పర్డ్ కోరీ ఎలాగూ చల్లదనాన్ని ఇష్టపడేదే.

విజయనగరం సభ్యుడు:
గ్రుడ్లు పెట్టి యలసి కూడు లేకున్నట్టి
తల్లి కవియె యిపుడు తాయిలములు;
కన్న కడుపులోనఁ గనలెను జఠరాగ్ని;
నీరు చల్లబడిన నిప్పు రగిలె.

మదనపల్లె సభ్యుడు:
పద్యం వణికించింది. కానీ గుడ్లు పెట్టే ప్రాణికి ‘కన్న కడుపు’ అనవచ్చునా?

నిర్వాహకుడు:
అనవచ్చునని నా అభిప్రాయం. కనడం పిల్లనైనా గుడ్డునైనా కడుపులో మోసి బయటి లోకానికి ఇవ్వడమే. పైగా ఈ చేప విషయంలో కడుపుకు ఇంకో పాత్ర కూడా ఉంది. బ్రాంజ్ కోరీ అనే మరో రకంలో ఆడచేప మగచేప బీజాన్ని నోటితో తాగుతుందనీ, అది పేగుల గుండా వేగంగా ప్రయాణించి గుడ్లను చేరుతుందనీ 1995లో జపాన్ పరిశోధకులు ప్రకటించారు. ఆపైన తల్లి పొట్ట కింది రెక్కలను దోసిలిలా ముడిచి, కొద్దిపాటి గుడ్లను అందులో పట్టుకుని వెళ్లి గాజుకో ఆకుకో అతికిస్తుంది. అంత శ్రమపడి అతికించిన గుడ్లను కాసేపటికి తానే తినేస్తుంది! ‘తాయిలములు’ అన్న మాట ముద్దుగా ఉన్నందువల్లే గుండె కలుక్కుమంటుంది. ఈ వారం పూరణల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

విశాఖ విద్యార్థి:
మెత్తని ఇసుక పఱచి మీసముల్ గాపాడ
బాదమాకు రంగు పట్టె నీట;
వాన నీటి తీరు వచ్చిన వేళలో
నీరు చల్లబడిన నిప్పు రగిలె.

నిర్వాహకుడు:
బాబూ, తొట్టి అమర్చడం నీకు బాగా తెలుసు. ఈ చేపలు ఇసుకను నోట పట్టి మొప్పల గుండా వదులుతూ తిండి వెతుక్కుంటాయి, గరుకు రాళ్ల మీదైతే మీసాలు అరిగిపోతాయి. ‘మీసముల్ గాపాడ’ అన్నది అందుకే విలువైన మాట. కానీ ‘మెత్తని ఇసుక’ దగ్గర గణం తప్పింది, సంధి చేసి ‘మెత్తనిసుక’ అంటే సరిపోతుంది. అసలు చిక్కు మూడో పాదంలో ఉంది. నిప్పు ఎందుకు రగిలిందో పద్యం చెప్పలేదు. సమస్యను చివర తగిలిస్తే పూరణ కాదు, ముడి విప్పాలి. ఇంకొకసారి ప్రయత్నించు.

విశాఖ విద్యార్థి:
మెత్తనిసుక పఱచి మీసముల్ గాపాడ
బాదమాకు రంగు పట్టె నీట;
వలపు రాజుకొనెను వానకారని తోఁప;
నీరు చల్లబడిన నిప్పు రగిలె.

నిర్వాహకుడు:
ఇప్పుడు ముడి విడింది. ‘రాజుకొనెను’ వచ్చి ‘రగిలె’కు దారి వేసింది.

భీమవరం సభ్యురాలు:
గురువుగారూ, నిన్న సాయంత్రం ఉరుములతో మబ్బు పట్టింది. నా పద్యం మీద నమ్మకంతో కుండ నీళ్లే పోశాను. ఈ ఉదయం ముందువైపు గాజు మీద గుడ్లు! లెక్కపెడితే నలభై మూడు. విజయనగరం వారి పద్యం చదివాక చేతులు ఆడడం లేదు. వెంటనే తీసేయాలా?

నిర్వాహకుడు:
ఇప్పుడే తీయండి అమ్మా. గాజు మీది గుడ్డును వేలికొసతో మెల్లగా దొర్లిస్తే ఊడివస్తుంది. అదే తొట్టి నీరు పోసిన చిన్న డబ్బాలో వేసి, గాలి బుడగలు సన్నగా వచ్చేలా పెట్టి, ఒక బాదం ఆకు ముక్క వేయండి. తెల్లగా బూజు పట్టిన గుడ్డు కనిపిస్తే వెంటనే ఏరి పారేయండి, లేకపోతే పక్కవాటికి అంటుకుంటుంది. 3 నుంచి 5 రోజుల్లో పిల్లలు వస్తాయి. తొలి రెండు రోజులు పొట్టకింది సంచిలోని సొన చాలు, తర్వాత మైక్రోవార్మ్‌లనే సన్నని పురుగులు, అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యల వంటివి) పిల్లలు వేయండి. తల్లికి కూడా ఈ పూట కడుపునిండా పెట్టండి.