సృజనాత్మకత ప్రశ్నకి కూడా గైడు చూసి రాస్తే ఏం చేయాలె?

బడిగంట:
జెడ్పీ హైస్కూల్ల తెలుగు చెప్త, మహబూబ్‌నగర్ దిక్కు. 8వ తరగతి, 38 మంది. పాఠం చివర సృజనాత్మకత అని ఉంటది కదా, కరపత్రం రాయండి, సంభాషణ రాయండి అని, మొన్న నీటి పొదుపు మీద కరపత్రం రాయమంటే 38 కరపత్రాలూ ఒకటే, గైడుల ఉన్న అచ్చుతప్పుతో సహా దింపిన్రు 😀 ముందు నవ్వొచ్చింది తర్వాత బాధైంది. వీళ్ళే ఆటల పీరియడ్ల కథల మీద కథలు అల్లుతరు, పెన్ను పట్టంగనే ఏమైతదో. మీరెవరన్నా ఏమన్నా చేసి చూసిన్రా?

చాక్‌పీసు:
మేడమ్, తప్పు పిల్లలది కాదు, ప్రశ్నది. నీటి పొదుపు ఏ గైడులనైనా ఉంటది. మీ వాడల మిషన్ భగీరథ నల్లా వచ్చే టైముకు బిందెల కాడ అయ్యే లొల్లిని సంభాషణగా రాయమనుండ్రి, అది ఏ గైడుల దొరుకుతది? నేనిచ్చిన. ఎన్నడూ రెండు లైన్లు దాటని పిలగాడు పేజీన్నర రాసిండు, వాళ్ళ నాయనమ్మ తిట్లు ఉన్నయి ఉన్నట్టు, కొన్నైతే క్లాసుల చదవలేకపోయిన. ఇంటి భాషల రాయనీయుండ్రి, మొదటిసారి ఎర్రపెన్ను తియ్యకుండ్రి, తర్వాత వాళ్ళతోనే దిద్దించొచ్చు.

గోదారిగట్టు:
వినడానికి బానే ఉందండీ, కానీ మాది ప్రైవేటు స్కూలు, సొంతంగా రాయిస్తే పేరెంట్స్ వచ్చి గైడులో ఉన్నట్టు ఎందుకు రాయించలేదు, రేపు టెన్త్‌లో మార్కు పోతే ఎవరిది బాధ్యత అంటారు. ప్రాజెక్టు పనులైతే అన్నీ నెట్ సెంటర్ ప్రింట్లే, నేనూ సంతకం పెట్టేస్తాను, అబద్ధం ఎందుకు.

చాక్‌పీసు:
టెన్త్ స్పాట్‌కు పేపర్లు దిద్దనీకి నేను పోతుంటనండీ. పొద్దంత ఒకటే కరపత్రం చదివి చదివి, సొంతంగా రాసింది ఒక్కటి కనబడితే పానం లేచొస్తది, దానికి నేనైతే మార్కు కొయ్య. కాకపోతే పైన శీర్షిక, కింద ఎవరు వేసిన్రో పేరు ఉండాలె, ఆ ఫార్మాట్ ఒక్కటి నేర్పి లోపల వాళ్ళ ఇష్టానికి వదిలేస్త.

బడిగంట:
సార్, ఇయ్యాల బిందెల లొల్లి ఇచ్చిన. కొందరు ముందుగాల గైడే తిప్పిన్రు, దొరకలే 😀 ఒక పిల్లైతే మనుషుల్ని పక్కకు పెట్టి బిందెలే కొట్లాడుకున్నట్టు రాసింది, పొద్దున్నే లైన్ల పెట్టిన ప్లాస్టిక్ బిందె, ఇప్పుడొచ్చి ముందు నిలబడ్డ స్టీలు బిందెను వెనక్కి పొమ్మంటది. రెండుసార్లు చదివిన. ఇంకో డౌటు, తిట్లు గట్టిగ రాసినోళ్ళకు మార్కులెట్లేస్తున్నరు?