సమస్య: "చీమపుట్టనుండి సీతకోక" (ఆటవెలది)

డౌన్స్ బాటసారి (సమస్య ఇచ్చినవారు):
జులై చివర్లో మిత్రులతో ఇంగ్లండ్‌లోని సర్రేలో డోర్కింగ్ దగ్గరున్న డెన్‌బీస్ కొండవాలుకి సీతాకోకచిలుకల్ని చూడటానికి వెళ్లాం. సుద్దనేల, పొట్టి గడ్డి, అక్కడక్కడ గడ్డి కప్పేసిన చీమపుట్టలు, వాటి నెత్తిన థైమ్ పూలు. చాక్‌హిల్ బ్లూ అనే సీతాకోకచిలుకల్లో మగది పాలలో నీలం కలిపినట్టుంటుంది, రెక్క అంచున తెల్లటి కుచ్చు, ఆ కుచ్చుని అడ్డంగా కోస్తూ నల్లటి గీతలు. దాని గొంగళిపురుగు హార్స్‌షూ వెచ్ ఆకులే తింటుంది, ఒంట్లోంచి తీపి ద్రవం ఊర్చి చీమలకిస్తుంది, చీమలు దాన్ని కాపాడతాయి. అందుకే ఈ పాదం. పూరించండి.

గట్టుమీది కవి:
సుద్ద కొండ మీద శోభిల్లు గడ్డిలో
పురుగు తేనెనిచ్చి పొందె కాపు
మట్టి గదిని నిదుర మాని మేల్కొని లేచె
చీమపుట్టనుండి సీతకోక

బాటసారి: రెండో పాదం చాలా బాగుంది, అసలు సంగతంతా అందులోనే ఉంది. మట్టి గదీ నిజమే, అడోనిస్ బ్లూ అనే ఇంకో నీలి సీతాకోకచిలుక ప్యూపాని (రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశ) చీమలు తమ పుట్టకి ఆనుకున్న గదుల్లో పూడ్చిపెడతాయి. కానీ నిదుర మాని, మేల్కొని, లేచె... మూడూ ఒకటే కదండీ! "మట్టి గదిని నిదుర మాని వెలుగు జూచె" అంటే గణాలూ సరిపోతాయి, కొత్త మాటా వస్తుంది.

పాలమూరు పాంథుడు:
ఎండ గాయు వేళ గుట్టపై నడయాడ
నీలి మంట లేచె నేల మీద
ఏమి వింత యనుచు నెంచి చూడగ దోచె
చీమపుట్టనుండి సీతకోక

ఛందోమిత్ర: మొదటి పాదంలో యతి తప్పింది, ఎ-కి గు కుదరదు. "ఎండ గాయు వేళ నిచ్చోట నడయాడ" అనండి. నీలి మంట మాత్రం అద్భుతం.

బాటసారి: అవును, అయితే అంత మండే నీలం అడోనిస్‌ది. అది మే-జూన్‌లో ఒకసారి, ఆగస్టు-సెప్టెంబరులో మళ్లీ ఎగురుతుంది. పద్యంలో నెల పేరు లేదు కాబట్టి చిక్కు లేదు.

నల్లరేగడి:
తేనె జూపి లోన దిట్టయై జొచ్చెను
చీమ బిడ్డలెల్ల చెడగ దినియె
పెంచినట్టి యిల్లు పీడించి వెడలెను
చీమపుట్టనుండి సీతకోక

ఇది లార్జ్ బ్లూ అనే మరో సీతాకోకచిలుక కథ. పురుగు థైమ్ మీద కొన్ని వారాలుండి నేల మీదికి రాలుతుంది, మిర్మికా సబ్యులెటి అనే ఎర్రచీమ తన పిల్లే అనుకుని పుట్టలోకి మోసుకుపోతుంది, అక్కడ నెలల తరబడి చీమపిల్లల్నే తింటూ పెరుగుతుంది.

ఛందోమిత్ర: ఇల్లుని పీడించడం అతకదు. "పెంచినట్టివారిఁ బీడించి వెడలెను" అంటే యతీ నిలుస్తుంది, నేరం ఎవరి మీద జరిగిందో కూడా తెలుస్తుంది.

బాటసారి: ఆ సవరణతో నా ఓటు దీనికే. ఇంత చేసిన పురుగుకి ఆ చీమ లేకపోతే బతుకే లేదు. 1950లలో మిక్సొమాటోసిస్ అనే కుందేళ్ల రోగం వచ్చి కుందేళ్లు చచ్చిపోయాక గడ్డి ఏపుగా పెరిగి నేల చల్లబడింది, ఆ ఎర్రచీమ తగ్గిపోయింది, 1979కల్లా బ్రిటన్‌లో లార్జ్ బ్లూ అంతరించింది. శాస్త్రవేత్త జెరెమీ థామస్ పరిశోధనతో ఈ లంకె బయటపడ్డాకే స్వీడన్ నుంచి తెచ్చి మళ్లీ నిలబెట్టగలిగారు. పశువుల్ని మేపి గడ్డిని పొట్టిగా ఉంచడం మీద ఎవరైనా ఇంకో పూరణ రాయండి, ఆ పని ఈ మూడు పద్యాల్లోనూ రాలేదు.