స్టెరాయిడ్ మొదలయ్యాక కణత రక్తనాళానికి అల్ట్రాసౌండ్ చేస్తే జబ్బు బయటపడుతుందా?

మా అమ్మకు 71 ఏళ్లు. మూడు వారాలుగా కణతల్లో నొప్పి. తల దువ్వుకోవాలన్నా మాడు ముట్టుకోనివ్వదు, ఏదైనా నములుతుంటే దవడ పట్టేస్తోంది. ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రెండూ బాగా ఎక్కువొచ్చాయి. డాక్టరుగారు జెయింట్ సెల్ ఆర్టరైటిస్ (కణతల దగ్గరి ధమనుల్లాంటి రక్తనాళాల గోడలు వాచే జబ్బు) అని అనుమానించి, చూపు పోయే ప్రమాదం ఉందని రిపోర్టుల కోసం ఆగకుండా అదే రోజు ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. అది సరైన పనే, మందు ఆపే ఆలోచన మాకు లేదు.

ఇవాళ నాలుగో రోజు. స్కాన్ ఎల్లుండి. నాళం గోడ వాచి ఉంటే రక్తప్రవాహం చుట్టూ నల్లటి వలయం కనిపిస్తుందట, దాన్ని 'హేలో' అంటారు. కానీ స్టెరాయిడ్ పడ్డాక అది కొద్దిరోజుల్లోనే మసకబారవచ్చని చదివినప్పటి నుంచి ఒకటే టెన్షన్.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా మందు మొదలయ్యాక స్కాన్ చేశారా? వలయం కనిపించిందా? కనిపించకపోతే బయాప్సీ (నాళం ముక్క తీసి పరీక్షించడం) చేశారా? చంకల్లోని ధమనులను కూడా చూస్తే మేలంటున్నారు, అది మనం అడగాలా, వాళ్లే చూస్తారా? ఈ స్కాన్‌లో చేసేవారి అనుభవమే ముఖ్యమంటారు కాబట్టి ముందే ఏం కనుక్కోవాలో కూడా చెప్పండి. అమ్మ చూపు గురించే నా భయమంతా.