కొండ పైన్ పుప్పొడి ప్లేటు మీద మొలవకపోతే అడవి చెడినట్టేనా?

శిఖరరేఖ:
టాట్రా, ఆల్ప్స్ కొండల్లో చెట్ల హద్దు దాటాక నేలను పట్టుకుని గుబురుగా పెరిగే పొట్టి పైన్, అదే కొండ పైన్ (పైనస్ ముగో) గురించి అడుగుతున్నా. దాని పుప్పొడి తెచ్చి ప్లేటులో పోసిన అగార్ (ప్రయోగశాలలో వాడే జెల్లీ) మీద చల్లడం, సగం కూడా మొలకెత్తలేదని తేలగానే "కాలుష్యం, వాతావరణ మార్పు, ఇక ఈ అడవి పని అయిపోయింది" అనేయడం మామూలైపోయింది. నేను ఒప్పుకోను. ఆ శాతం పుప్పొడి గురించి ఎంత చెబుతుందో, పరీక్ష చేసిన చేతి గురించీ అంతే చెబుతుంది. పైన్ పుప్పొడి నాళం (రేణువు మొలిచాక బయటికి సాగే గొట్టం) మహా నిదానం. 24 గంటలకే లెక్కపెడితే ఒక అంకె, మూడు రోజులు ఆగితే ఇంకో అంకె. బాగా ఆరిన రేణువుల్ని ముందు తేమ గాలిలో ఉంచకుండా నేరుగా తడి అగార్ మీద వేస్తే, పొర సర్దుకోకముందే నీళ్లు లోపలికి దూసుకెళ్లి లోపలి సరుకంతా బయటికి కారిపోతుంది. బతికున్నదాన్ని మనమే చంపేసి నేరం కొండ మీదికి తోస్తున్నాం.

అగార్‌ప్లేటు:
చేతకానివాళ్లు చేశారని పరీక్షే దండగంటే ఎలా అండీ? కింద వాలులో పొదల పుప్పొడి, పైన పొదల పుప్పొడి ఒకే రోజు, ఒకే చేత్తో పక్కపక్కన చల్లితే వచ్చే తేడా తేడానే. పైగా మైక్రోస్కోపులో ఆకారం కూడా చూడండి. మామూలు రేణువుకి రెండు గాలి సంచులుంటాయి. కొన్నిటికి ఒకటే ఉంటుంది, కొన్నిటికి మూడు. కొన్నిటిలో సంచులు నిక్షేపంగా ఉంటాయి, మధ్య ఒళ్లు మాత్రం ముడుచుకుపోయి లోపల ఏమీ ఉండదు. వసంతంలో క్షయకరణ విభజన (పుప్పొడి తయారయ్యేటప్పుడు క్రోమోజోములు సగానికి తగ్గే కణ విభజన) జరిగే రోజుల్లో గట్టి చలి కొడితే ఇలాంటివి పెరుగుతాయి. 1986 అణు ప్రమాదం తర్వాత చెర్నోబిల్ చుట్టుపక్కల స్కాట్స్ పైన్ అనే మరో పైన్ జాతిలోనూ వికృత రేణువులు కనిపించాయి. 1970, 80 దశకాల్లో చెక్, పోలండ్, తూర్పు జర్మనీ సరిహద్దు కొండల్లో గంధక పొగకి అడవులకి అడవులే ఎండిపోయాయి. అలాంటి చోట పుప్పొడిని సూచికగా చూడకుండా ఎలా ఊరుకుంటారు?

పాతకొమ్మ:
మధ్యలో దూరుతున్నా. అసలు "జీవశక్తి శాతం" (నూటికి ఎన్ని రేణువులు బతికున్నాయి) అని ఎవరైనా రాస్తే ఏ పరీక్షతో అని ముందు అడగండి. రంగు వేసి చూసే పరీక్షల్లో అయోడిన్ చెప్పేది స్టార్చ్ ఉందా లేదా అని మాత్రమే. చచ్చిన రేణువులోనూ స్టార్చ్ ఉండొచ్చు. టెట్రాజోలియంతో ఎర్రబడితే శ్వాసక్రియ ఎంజైములు పనిచేస్తున్నట్టు. ఫ్లోరెసిన్ డైఅసిటేట్ వేశాక పచ్చగా వెలిగితే పొర చెక్కుచెదరలేదన్నట్టు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి ఊరూరి అంకెలు పోలిస్తే మిగిలేది గందరగోళమే.

శిఖరరేఖ:
సంచుల మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నా. ఆడ కోన్‌లో అండద్వారం (తర్వాత గింజయ్యే అండంలోకి పుప్పొడి వెళ్లే రంధ్రం) కిందికి తిరిగి ఉంటుంది, దాని కొసన ఒక ద్రవపు బిందువు వేలాడుతుంది. అందులో చిక్కిన రేణువు సంచుల పుణ్యమా అని పైకి తేలి లోపలికి చేరుతుంది. అగార్ మీద ఈ ప్రయాణమే లేదు. సంచులు లేని రేణువు ప్లేటు మీద చక్కగా మొలవొచ్చు, చెట్టు మీద ఎందుకూ కొరగాకపోవచ్చు. అందుకే తీర్పు గింజ దగ్గర చెప్పమంటాను. పుప్పొడి అందకపోయినా, అందింది పనికిరాకపోయినా అండం మొదటి ఏడాదే ఎండి చిన్న పొలుసులా మిగిలిపోతుంది. ఫలదీకరణ జరిగాక పిండం చస్తే మాత్రం గింజ నిండు సైజులోనే ఉంటుంది, కోసి చూస్తే డొల్ల. పైన్‌లో పరాగ సంపర్కానికీ ఫలదీకరణకీ మధ్య సుమారు ఏడాది ఎడం ఉంటుంది కాబట్టి రెండు నష్టాలూ విడివిడిగా గుర్తు పట్టొచ్చు. డొల్ల గింజలు ఎక్కువైతే ముందు అనుమానించాల్సింది స్వపరాగ సంపర్కాన్ని (తన పుప్పొడే తనకి చేరడాన్ని), పుప్పొడి బలాన్ని కాదు.

గింజలలెక్క:
మీ లెక్కలో రెండు చిల్లులున్నాయి. పురుగు రసం పీల్చేసిన అండం కూడా అలాగే ఎండుతుంది. రెండోది ఇంకా పెద్దది. అండాలు మరీ ఎక్కువగా పోతే కోన్ మొత్తం మొదటి ఏడాదే రాలిపోతుంది. రెండో శరత్తులో మీరు విప్పి చూసేది నిలదొక్కుకున్న కోన్‌లనే. పాసైనవాళ్ల మార్కులు చూసి పరీక్ష తేలికనేసినట్టుంది. పూత దశలోనే కోన్‌లకి ట్యాగ్‌లు కట్టి, ఎన్ని రాలాయో రాసుకోకపోతే గింజల లెక్క కూడా ప్లేటు లెక్కంత గుడ్డిదే.

అగార్‌ప్లేటు:
అలా చెప్పండి! ఇంకొకటి కూడా ఉంది. స్లోవేకియాలో ఒరావా ప్రాంతపు పీట్ నేలల్లో (సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడ్డ చిత్తడి నేలల్లో) కొండ పైన్, స్కాట్స్ పైన్ కలిసిపోయిన గుంపులున్నాయి. అక్కడ పుప్పొడి బలహీనంగా ఉంటే సంకరం (రెండు జాతుల కలయిక) వల్లేనని ఎందుకు అనుకోకూడదు?

పాతకొమ్మ:
అనుకోవచ్చు, నిరూపణ మాత్రం కాదు. పైన్‌లన్నిటికీ 24 క్రోమోజోములే, సంకరాల్లో కూడా విభజన చాలావరకు సాఫీగానే సాగుతుంది. సంకరాన్ని పట్టాలంటే హరితరేణువు (ఆకుల్లో ఎండతో ఆహారం తయారుచేసే కణభాగం) డీఎన్ఏ చూడాలి. పైన్‌లో అది పుప్పొడితో తండ్రి నుంచి వస్తుంది, మైటోకాండ్రియాది తల్లి నుంచి. రెండూ రెండు జాతుల వైపు చూపిస్తే ఆ పొద వంశంలో ఎక్కడో కలయిక జరిగిందన్నట్టే. పుప్పొడి మొలకెత్తిందా లేదా అన్నది ఆ ప్రశ్నకి జవాబు కాదు.

శిఖరరేఖ:
ట్యాగ్‌ల సంగతి సరే, కట్టాల్సిందే. కానీ గాలినిండా పచ్చటి దుమ్ములా పుప్పొడి ఎగిరే పెద్ద పొదల గుంపుల్లో పదిలో ఆరు చచ్చినవైతే మాత్రం ఏమైంది? మిగతా నాలుగు చాలవా?

అగార్‌ప్లేటు:
చాలవు. అండం లోపల చోటు కొద్ది రేణువులకే. ముందు చేరినవి చచ్చినవైతే ఆ చోటు వాటికే పోయినట్టు, వెనక వచ్చిన మంచివాటికి దారి లేదు. నాలుగు పొదలే మిగిలిన చోట అసలే పుప్పొడి తక్కువ, వచ్చేదీ తమదే. అక్కడ ఈ శాతానికి విలువ ఉంది. పెద్ద గుంపుల గురించి మీరు, చిన్నవాటి గురించి నేను మాట్లాడుతున్నాం అనిపిస్తోంది.

గింజలలెక్క:
అయితే ఇక్కడ ఎవరైనా కొత్త శాతం పెట్టేటప్పుడు పొదల గుంపు ఎంత పెద్దదో, పుప్పొడిని తేమలో ఉంచారో లేదో, ఎన్ని గంటలకి లెక్కపెట్టారో కూడా రాయండి. అవి లేకుండా వస్తే నేనైతే వాదనకి దిగను.