కొత్త మాండోలాకి ఏ బాడీ: పాత 15.75 అంగుళాల ఓవల్ హోలా, ఇప్పటి 17 అంగుళాల ఎఫ్ హోలా?

శ్రుతిభేదం:
మాండోలా చెయ్యబోయేవాళ్ళ ముందు రెండు దారులున్నాయి. ఒకటి గిబ్సన్ కంపెనీ పాత మాండోలాలు హెచ్-1, హెచ్-2, హెచ్-4 లది: ఓవల్ హోల్ (కోడిగుడ్డు ఆకారపు రంధ్రం), దాని కింద పై పలకకి అడ్డంగా లోపల ఒకే ఒక్క బ్రేస్ (ఊతబద్ద), 15.75 అంగుళాల స్కేల్ (నెక్ పై చివర నట్ అనే గట్టు నుంచి బ్రిడ్జి దాకా తీగ పలికే పొడుగు), సుమారు 11 అంగుళాల వెడల్పు. రెండోది ఇప్పుడు ఎక్కువగా కనిపించేది: ఎఫ్ హోల్స్ (వయొలిన్‌కి ఉండేలాంటి ఎఫ్ ఆకారపు రెండు రంధ్రాలు), పలక లోపల నిలువుగా రెండు టోన్ బార్లు (బద్దలు), 17 అంగుళాల స్కేల్. కొత్తది కనక కొత్తదే మెరుగు అని చాలామంది తేల్చేస్తున్నారు. ఆ మాట నిలుస్తుందా?

ఇక్కడ మాండోలా అంటే సి-జి-డి-ఎ శ్రుతిది, మాండొలిన్‌కి పంచమం కింద పలికేది. ఇటలీ, జర్మనీ ఆర్కెస్ట్రాల్లో అదే పేరుతో వాయించే జి-డి-ఎ-ఇ వాద్యం మాండొలిన్‌కి ఒక స్థాయి కింద ఉంటుంది. దాని కొలతలు వేరు, ఈ చర్చలోకి తేవద్దు.

మందరతీగ:
17 అంగుళాలే. కారణం సి తీగ. పొట్టి స్కేల్ మీద సి పలకాలంటే లావు తీగ వెయ్యాలి. లావు తీగ బిగుసుగా ఉంటుంది, దాని పై స్వరాంశాలు శ్రుతి తప్పి పైకి జరుగుతాయి, నాదం మొద్దుబారుతుంది. పైమెట్ల మీద శ్రుతి సరిచెయ్యడానికి బ్రిడ్జిని ఎంత వెనక్కి జరిపినా చాలదు. సన్నతీగ వేస్తే వదులై మెట్లకి (ఫ్రెట్లకి) తగిలి జిలజిలమంటుంది. ఈ రెండు తిప్పలూ తప్పాలంటే స్కేల్ పెంచడమొక్కటే దారి.

లెక్క సులువే. అదే తీగ, అదే శ్రుతి ఉంచి స్కేల్ 15.75 నుంచి 17కి పెంచితే టెన్షన్ 16.5 శాతం పెరుగుతుంది. ఎ తీగకి 0.014 అంగుళాల ఉక్కుతీగ వేస్తే 15.75 మీద సుమారు 9.8 కిలోలు, 17 మీద 11.4 కిలోలు.

పాతచెక్క:
ఆ లెక్కని ఇంకొంచెం ముందుకి తీసుకెళ్ళండి మందరతీగ గారూ. 17 మీద 0.013 వేస్తే మళ్ళీ 9.8 కిలోలే. అంటే ఎ తీగ విషయంలో ఆ అంగుళంపావు మీకు ఇచ్చేది ఒక్క గేజ్ (తీగ లావు) తేడా. సి తీగకి లాభం ఉంది, కాదనను. కానీ దానికి బదులు వేళ్ళు చెల్లించే మూల్యం చూడండి: నట్ నుంచి ఏడో మెట్టుకి 15.75 మీద 5.24 అంగుళాలు, 17 మీద 5.65. దాదాపు 10.6 మి.మీ. ఎక్కువ. మాండొలిన్ మీద అదే దూరం 4.6. మాండొలిన్ వేళ్ళవరసతోనే వాయించాలనుకునేవాళ్ళకి నాలుగో వేలు ఏడో మెట్టు మీద పడాల్సిన ప్రతి చోటా ఆ సెంటీమీటరు తెలుస్తుంది.

ఇంకొకటి. పాత గిబ్సన్‌లు మొద్దుగా పలుకుతాయన్న పేరులో సగం తీగలదే. ఆ బాడీ మీద ఇప్పటి బరువైన సెట్ ఎక్కించి, పలక అణిగిపోయాక డిజైన్‌ని తిడుతున్నారు.

కొయ్యపని:
ఇద్దరూ స్కేల్ దగ్గరే ఆగిపోయారు. అసలు చిక్కు బాడీలో ఉంది.

మాండొలిన్ స్కేల్ 13.875 అంగుళాలు. పంచమం కిందికి దిగాలంటే, కొలతలన్నీ అదే దామాషాలో పెంచితే, 1.5 రెట్లు కావాలి. అంటే స్కేల్ 20.8 అంగుళాలు, లోపలి గాలి 3.4 రెట్లు. తీగ తెగుతుందన్న భయం అక్కడ కూడా లేదు, 20.8 మీద ఎ తీగ మాండొలిన్ ఇ తీగ ఎంత దగ్గరికొచ్చి ఆగుతుందో అంతే దగ్గరికి వస్తుంది. అడ్డం వచ్చేది చెయ్యి మాత్రమే. వయోలాది కూడా ఇదే కథ: శ్రుతికి తగ్గ ఒళ్ళు లేని వాద్యం.

మరి పాత గిబ్సన్ ఎంత పెంచింది? వెడల్పు 10 అంగుళాల నుంచి సుమారు 11కి, అంటే 1.1 రెట్లు. అన్ని కొలతలూ, రంధ్రంతో సహా, 1.1 రెట్లు పెరిగితే లోపలి గాలి శ్రుతి (డొల్ల తనంతట గుమ్మనే శ్రుతి) రెండు అర్ధస్వరాలు కూడా దిగదు. తీగలు దిగింది ఏడు అర్ధస్వరాలు. సి తీగకి కింద నుంచి ఊతం అందనిది ఇక్కడే. నెక్ సాగదీసి 17 చేసినంత మాత్రాన ఈ లోటు తీరదు. పాత బాడీకి పొడుగు నెక్ తగిలించిన వాద్యాల్లో సి తీగ బిగుతుగా, శ్రుతిగా ఉంటుంది, కానీ లోతు ఉండదు.

శ్రుతిభేదం:
అయితే పక్కల ఎత్తు పెంచితే?

కొయ్యపని:
పెంచాలి. లోపలి గాలి ఐదోవంతు పెరిగితే దాని శ్రుతి ఒకటిన్నర అర్ధస్వరం దిగుతుంది. ఖర్చు లేని మార్పు ఇదే. ఇంకో దారి రంధ్రం చిన్నది చెయ్యడం: విస్తీర్ణం సగం చేస్తే సుమారు మూడు అర్ధస్వరాలు దిగుతుంది, కానీ బయటికొచ్చే గాలి తగ్గి ఆ ఊతం బలహీనపడుతుంది. చేసి ఉన్న వాద్యం మీద పరీక్షించాలంటే తీగలన్నీ చేత్తో అణిచి రంధ్రం దగ్గర మూలుగుతూ మెల్లగా శ్రుతి మార్చండి. ఎక్కడ డొల్ల గుమ్మంటుందో అదే గాలి శ్రుతి. తర్వాత అట్టముక్కతో రంధ్రం కొంత మూసి మళ్ళీ చూడండి. పలక కొయ్యకముందే ఏ పరిమాణం కావాలో తెలిసిపోతుంది.

మందరతీగ:
లోతు పెంచమన్న మాట ఒప్పుకుంటున్నాను. కానీ ఓవల్ హోల్ సమర్థన మాత్రం ఒప్పుకోను. వాద్యాల రూపకర్త లాయిడ్ లోర్ గిబ్సన్‌లో ఉన్నది 1919 నుంచి 1924 వరకు. ఆ కాలం చివర్లో వచ్చిన ఎఫ్-5 మాండొలిన్, హెచ్-5 మాండోలాల్లో మారింది రంధ్రం ఆకారం ఒక్కటే కాదు. అంతకుముందరి ఓవల్ హోల్ మాండొలిన్ ఎఫ్-4 లో నెక్ 12వ మెట్టు దగ్గర బాడీలో కలిసేది, ఎఫ్-5 లో 15వ మెట్టు దగ్గర. దాంతో బ్రిడ్జి పలక మధ్యకి జరిగింది. ఫింగర్‌బోర్డు చివర పలకకి అంటుకోకుండా పైకి లేచింది. పలక స్వేచ్ఛగా కదలడానికి ఇవన్నీ తోడ్పడ్డాయి.

పాతచెక్క:
మీరు చెప్పిన 15వ మెట్టు సంగతి స్కేల్‌తో కలిపి చదవాలి. 15.75 స్కేల్, 12వ మెట్టు దగ్గర కలిస్తే, కలిసే చోటు నుంచి బ్రిడ్జికి 7.9 అంగుళాలు. 17 స్కేల్, 15వ మెట్టు అయితే 7.15. స్కేల్ పెరిగినా బాడీలో బ్రిడ్జి పైకి పోయింది! ఎఫ్ హోల్స్ మధ్య అది సరిగ్గా కూర్చుంటుంది. ఓవల్ హోల్ బాడీలో అదే చేస్తే బ్రిడ్జి అడ్డ బ్రేస్ మీదికి, రంధ్రం అంచుకి దగ్గరవుతుంది. అక్కడ పలక బిగుసు, నాదం సన్నగా చీలుతుంది. ఓవల్ హోల్ పెట్టి 15వ మెట్టు దగ్గర నెక్ కలిపేవాళ్ళు చేసే తప్పు ఇదే. ఆ కలయికే కావాలంటే అడ్డ బ్రేస్ మానేసి ఎక్స్ బ్రేసింగ్ (ఎక్స్ ఆకారంలో ఒకదాన్నొకటి దాటే రెండు బద్దలు) వెయ్యాలి, రంధ్రం పైకి జరపాలి.

నాదం మాటకొస్తే, ఎఫ్ హోల్స్ విసురు, తెగ కొట్టినట్టు పలుకు ఇస్తాయి. ఓవల్ హోల్ వెచ్చగా, ఎక్కువసేపు నిలిచేలా పలుకుతుంది. మాండోలాని మధ్యస్వరాలకి, నెమ్మది పాటకి వాడేవాళ్ళు రెండోదే కోరుకుంటారు. అది వెనకబాటు కాదు, అవసరం.

నాలుగుజతలు:
పాతది కొనాలని చూసేవాళ్ళకి ఒక మాట. పై పలక కుంగడమే వీటి ప్రధానమైన జబ్బు. రంధ్రం కింద, బ్రేస్ గీత వెంట స్కేలుబద్ద పెట్టి చూడండి. తీగలు వదులు చేశాక కూడా గుంట అలాగే ఉంటే చెక్క శాశ్వతంగా వంగినట్టే. వదులు చెయ్యగానే కొంత లేస్తే బ్రేస్ జిగురు వదిలి ఉండవచ్చు. లోపల చిన్న అద్దం, లైటు పెట్టి బ్రేస్ రెండు చివరలూ చూడాలి, పలక మీద వేలితో తడుతూ గరగర వినాలి. జిగురు వదిలినది అతికించుకోవచ్చు, అది భయపడాల్సిన పని కాదు.

సర్దుబాటయ్యే ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి లోహపు కడ్డీ) గిబ్సన్‌లో 1920ల మొదట్లోగానీ రాలేదు. అంతకుముందు నెక్ ముందుకి వంగితే తిప్పడానికి నట్టు లేదు. గాడికంటే కాస్త లావు కాడ ఉన్న మెట్లు కొట్టి, ఆ ఒత్తిడితో నెక్‌ని వెనక్కి తెస్తారు. మెట్లు అరిగి ఉంటే రెండు పనులూ ఒకేసారి అవుతాయి.

కొయ్యపని:
బరువు లెక్క కూడా చెప్పాలి. ఎనిమిది తీగలూ కలిపి 76 కిలోలు అనుకుందాం. బ్రిడ్జి మీద తీగ 16 డిగ్రీలు వంగితే పలక మీద పడేది సుమారు 21 కిలోలు, 12 డిగ్రీలైతే 16. నెక్ కోణం పెంచి బ్రిడ్జి ఎత్తు చేసేటప్పుడు పలక మీద ఐదు కిలోలు అదనంగా మోపుతున్నామని గుర్తుంచుకోవాలి. పాత పలకలు కుంగడానికి బ్రేస్ ఒక్కటే ఉండటం ఒక కారణమైతే, తర్వాత వచ్చినవాళ్ళు బ్రిడ్జి ఎత్తడం, లావు తీగలు వెయ్యడం మిగతా కారణాలు.

శ్రుతిభేదం:
అందరి మాటా విన్నాక నా మొగ్గు ఇటు: స్కేల్ 16.5, ఓవల్ హోల్, నెక్ 12వ మెట్టు దగ్గర, పక్కలు లోతు పెంచి. బ్రిడ్జి కలిసే చోటు నుంచి 8.25 అంగుళాల దూరంలో పడుతుంది కనక బాడీని కింద వైపు పొడిగించాలి.

మందరతీగ:
ఆ కొలతకి నేను అడ్డు చెప్పను, కానీ ఎఫ్ హోల్ వాద్యం పక్కన పెట్టి బృందంలో వాయిస్తే వినపడేది ఏదో అప్పుడు మాట్లాడుకుందాం.

కొయ్యపని:
పలక బ్రిడ్జి కింద 5 మి.మీ., అంచు దగ్గర 3 మి.మీ. తో మొదలుపెట్టండి. బాడీ మూసి, తీగలు ఎక్కించి, సి తీగ విన్నాకే అంచు గాడి (అంచు చుట్టూ పలక పల్లంగా ఉండే చోటు) వెంట బయట నుంచి కొద్దికొద్దిగా గీకండి, వార్నిష్ ఆ తర్వాతే. మధ్యలో మాత్రం ముట్టుకోవద్దు, 21 కిలోలు మోసేది అదే.